దేవమాలి కొండదారులు: జీపు ప్రయాణం, గుడారపు బస

ఒడిశా రాష్ట్రంలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం దేవమాలి. కోరాపుట్ జిల్లాలో, తూర్పు కనుమల చంద్రగిరి–పొట్టంగి శ్రేణిలో ఉన్న ఈ కొండ సముద్రమట్టానికి 1672 మీటర్ల ఎత్తున ఉంది. కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం పట్టణాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, సాలూరు, పార్వతీపురం, అరకు ప్రాంతాల వారికీ ఇది పొరుగు కొండ. సెలవు దినాలలో నలుగురైదుగురు మిత్రులు కలసి జీపులలో వచ్చి, మట్టిదారులలో నడిపి, గుడారం వేసుకొని రాత్రి గడిపి వెళ్ళడం ఇటీవలి సంవత్సరాలలో ఇక్కడ తరచుగా కనిపిస్తున్నది.

ఇటువంటి యాత్రలో రెండు విషయాలు ముఖ్యం. వెళ్ళినవారు క్షేమంగా ఇల్లు చేరాలి. వారు వెళ్ళిన తరువాత కొండ కింది ఊరికి నష్టం మిగలకూడదు. ఈ రెండింటికీ ఆధారమైన నియమం ఒక్కటే: ఉన్న దారిని విడువరాదు, ఆ దారి సాగనప్పుడు వెనుదిరగాలి. ప్రయాణం తలపెట్టేవారికీ, వారిని సాగనంపే ఇంటివారికీ, కొండ దిగువ గ్రామాలవారికీ ఉపయోగపడే వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

ప్రాంత పరిచయం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ భూభాగం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేది. ఇక్కడి గ్రామాలలో కొంధులు, పరజలు, గదబలు మొదలైన గిరిజనులు నివసిస్తున్నారు. వేర్వేరు తెగలవారు పరస్పరం మాట్లాడుకొనే ఉమ్మడి భాష దేశియా ఒడియా. దేవమాలి, పంచపట్‌మాలి, బాఫ్లిమాలి అనే పేర్లలోని ‘మాలి’ శబ్దానికి కొండ అని అర్థం.

ఈ కొండలలోని ప్రధాన శిలకు ఖొండలైటు అని పేరు. కొంధుల పేరుమీదనే భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. అనేక శిఖరాలపై ఎర్రని జేగురురాతి పొర, దానిపై పలుచని మట్టి, ఆ మట్టిపై గడ్డి ఉంటాయి. వానాకాలంలో కురిసిన నీటిని ఈ పొర పీల్చుకొని, తరువాతి నెలలలో కొద్దికొద్దిగా ఊటలుగా విడుస్తుంది. ఆ ఊటనీటితో లోయలలో మెట్లుమెట్లుగా వరి పండిస్తారు. ఈ లోయ భూములను స్థానికులు ‘ఝోలా’ అంటారు. కోరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

చేరుకొనే మార్గాలు

ఆంధ్రప్రదేశ్ వైపు నుండి వచ్చేవారికి విజయనగరం, సాలూరు, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి ప్రధాన మార్గం. పాతకాలపువారు దీనిని 43వ నంబరు రోడ్డుగా ఎరుగుదురు. సాలూరు మైదానంలో ఉండగా కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. కనుక సుంకి ఘాట్‌లో ఎక్కుడు ఎక్కువ. లారీల రాకపోకలు కూడా ఎక్కువే. రైలులో వచ్చేవారికి కొత్తవలస–కిరండూల్ మార్గంలో కోరాపుట్ స్టేషను ఉంది. దేవమాలికి దారి సెమిలిగుడ వైపు నుండి చీలుతుంది.

శిఖర సమీపం వరకు వాహనాలు వెళ్ళే మార్గం ఉంది. దాని నుండి చీలే పల్లెల మట్టిబాటలే మిత్రబృందాలు కోరుకొనే కొండదారులు. సెమిలిగుడ వదిలే ముందే ఇంధనం నింపుకొని, టైర్ల గాలి సరిచూసుకోవడం ఉత్తమం. కూరగాయలు కుందులి సంతలో తాజాగా దొరుకుతాయి.

అనువైన కాలం

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు యాత్రకు అనువైన కాలం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. డిసెంబరు, జనవరి నెలలలో ఇక్కడి రాత్రులు 10 డిగ్రీలకంటె దిగువకు పోవడం సాధారణం. ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది. అప్పుడు పెద్ద లైటు వేస్తే వెలుతురు మంచుపై పడి కళ్ళలోకే తిరిగివస్తుంది. చిన్న లైటుతోనే నడపాలి.

జూన్ నుండి సెప్టెంబరు వరకు ఎర్రమట్టి జారుడుగా మారుతుంది. అక్టోబరు నెల తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్నీ అరకు కొండలనూ దెబ్బతీసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణనష్టం జరిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నదని తెలిసిన వారం కొండ యాత్రను వాయిదా వేసుకోవాలి.

ఏప్రిల్, మే నెలలలో పిడుగుల భయం ఉంది. దేవమాలి పైభాగం చెట్లు లేని గడ్డినేల కావడం వలన అక్కడ నిలిచిన మనిషే ఎత్తయిన వస్తువవుతాడు. ఉరుము వినబడగానే శిఖరం దిగాలి. ఇనుప పైకప్పు గల వాహనంలో అద్దాలు ఎత్తుకొని కూర్చుంటే రక్షణ ఉంటుంది. గుడ్డ కప్పు జీపులో ఆ రక్షణ ఉండదు. గుడారం కూడా పిడుగును ఆపదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటకు రావాలి.

వాహనం

మన దేశంలో 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బిగించడం ప్రారంభించింది. 1985లో మారుతీ జిప్సీ, 2010లో మహీంద్రా థార్ వచ్చాయి. వీటిలో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే ఏర్పాటు ఉన్న రకాలు కొండదారులకు అనువైనవి. ‘4 హెచ్’ అనే స్థానంలో నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగుతాయి. ‘4 ఎల్’ స్థానంలో వేగం తగ్గి, లాగే బలం సుమారు రెండు నుండి రెండున్నర రెట్లు పెరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడు, దిగుడు, బురద ఎదురైనప్పుడు రెండవది వాడాలి.

ఇటువంటి జీపులలో చాలావాటికి ముందు చక్రాలూ వెనుక చక్రాలూ కలసి ఒకే లెక్కన తిరుగుతాయి. మలుపులో అవి నడిచే దూరాలు వేరు కనుక, ఎండిన తారురోడ్డుపై నాలుగు చక్రాల గేరు వేసి ఉంచితే గేరు భాగాలు బిగుసుకొని దెబ్బతింటాయి. తారురోడ్డు ఎక్కగానే రెండు చక్రాల గేరుకు మార్చాలి.

తారుపై 30 పౌండ్లు ఉండే టైరు గాలిని రాతిబాటలో 20–22 పౌండ్లకు తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపకపోతే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. అందుచేత గాలి కొలిచే మీటరు, చిన్న గాలిపంపు తప్పనిసరి. స్టెప్నీ, జాకీ, జాకీ కింద వేసుకొనే మందపాటి పలక, పార, లాగుడు పట్టీ, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె వెంట ఉండాలి. ఒకే వాహనంతో నిర్జన బాటలోకి వెళ్ళరాదు. కనీసం రెండు ఉండాలి.

కొండదారిలో నడిపే విధానం

ఎక్కుడు: ముందు దిగి నడిచి చూడాలి. అవతల ఏమున్నదో తెలియని గట్టును వేగంగా ఎక్కరాదు. సగంలో బండి ఆగిపోతే మలుపు తిప్పే ప్రయత్నం చేయరాదు. అడ్డం తిరిగిన బండి దొర్లిపోతుంది. బ్రేకు పట్టి, రివర్సు గేరులో, వచ్చిన దారినే నిటారుగా వెనక్కు దిగాలి.

దిగుడు: మొదటి గేరులో, క్లచ్చి తొక్కకుండా, ఇంజను పట్టుమీదనే దిగాలి. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు కోల్పోతుంది. న్యూట్రల్‌లో దింపడం ప్రాణాపాయకరం. సుంకి ఘాట్ వంటి తారురోడ్డుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇరుకు ఘాట్‌లో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం.

పక్క వాలు: వాలుకు అడ్డంగా నడపడం అన్నిటికంటె ప్రమాదకరం. పైకప్పుమీద సామాను ఉంటే బండి బరువు పైకి చేరి త్వరగా ఒరుగుతుంది. బరువైన సామాను కిందనే కట్టుకోవాలి. ఒరుగుతున్నట్లు తోస్తే స్టీరింగును దిగువ వైపు తిప్పాలి. జీపులో అందరూ సీటుబెల్టు పెట్టుకోవాలి. బయటకు వేలాడుతూ ఎవరూ నిలబడరాదు.

వాగు: నీరు పారుతుండగా అడుగుభాగం కనబడకపోతే దిగరాదు. అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును కదిలించగలదు. రెండడుగుల నీరు చాలా వాహనాలను కొట్టుకొని పోగలదు. పైన కొండలో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగవచ్చు. ఇంజనులోకి నీరు పోయి ఆగిపోతే మరల స్టార్టు చేయరాదు. లోపలి కడ్డీలు వంగిపోతాయి. బండిని ఒడ్డుకు లాగి మెకానిక్కును పిలవాలి.

కూరుకున్నప్పుడు: చక్రం గిరగిర తిప్పితే గొయ్యి లోతవుతుంది. పారతో మట్టి తీసి, రాళ్ళు పేర్చి, నిదానంగా లాగాలి. లాగుడు పట్టీని బండి చట్రానికి ఉన్న కొక్కేనికే తగిలించాలి. పట్టీ తెగితే లేదా కొక్కెం ఊడితే అది తుపాకీ గుండు వేగంతో వచ్చి తగులుతుంది. పట్టీ మధ్యన బరువైన గోనెసంచి కప్పి, చూసేవారందరూ పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలవాలి.

సాయంత్రం 4 గంటలలోగా మట్టిబాట ప్రయాణం ముగించి బస చేరాలి. ఆ వేళకు సగం దారైనా సాగకపోతే వెనుదిరిగి పల్లె చేరడమే సరియైన నిర్ణయం. ఈ గంటను బయలుదేరే ముందే మిత్రులందరూ అంగీకరించి ఉంటే, దారిలో వాదన రాదు.

గుడారపు బస

శిఖరం అంచున గాలి, పిడుగు భయాలు. వాగు ఒడ్డున వరద, దోమల భయాలు. ఈ రెండింటికీ మధ్య, గాలి మరుగున ఉన్న సమతల ప్రదేశం అనువైనది. పైన వదులు బండలుగాని ఎండుకొమ్మలుగాని లేకుండా చూసుకోవాలి. నేలనుండి వచ్చే చలి గాలిలోని చలికంటె ఎక్కువ బాధిస్తుంది. కనుక ఒంటిమీద కప్పుకొనే దుప్పట్లకంటె కింద పరచుకొనే పట్టా, జంపఖానాలపై ముందు శ్రద్ధ పెట్టాలి.

చలి ఎంత ఉన్నా గుడారంలోపల బొగ్గుల కుంపటి పెట్టరాదు. మూసిన గుడారంలో బొగ్గులనుండి వెలువడే విషవాయువుకు రంగుగాని వాసనగాని ఉండవు. నిద్రించేవారు నిద్రలోనే మరణిస్తారు. ఇంజను నడుస్తుండగా మూసిన వాహనంలో పడుకోవడం కూడా ఇటువంటిదే. పిల్లలు స్నేహితులతో కొండకు వెళుతున్నప్పుడు ఇంటివారు తప్పక చెప్పి పంపవలసిన మాట ఇది.

కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కాటువేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. గుడారపు జిప్పు ఎల్లప్పుడు మూసి ఉంచాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి. కాటు పడిందని అనుమానం కలిగితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయరాదు. కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కోరాపుట్‌లో 2017లో ప్రారంభమైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

జనవరి తరువాత గడ్డి ఎండి ఉంటుంది. వంటకు గ్యాసు పొయ్యి వాడడం మేలు. మంట వేయక తప్పనప్పుడు పాత పొయ్యిగుంటలోనే వేసి, పడుకొనే ముందు నీరు పోసి, కలియబెట్టి, బూడిద చల్లబడిందని చేతితో తెలుసుకొని వదలాలి.

జ్వరం వస్తే

కోరాపుట్ ప్రాంతం చాలాకాలంగా మలేరియాకు పేరుపడినది. ఒడిశా ప్రభుత్వం 2017లో మారుమూల గ్రామాలకై ‘దమన్’ పేరిట మలేరియా నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. ఇక్కడి మలేరియా దోమలలో ఒక రకం మెల్లగా పారే కొండవాగులలో పెరిగి రాత్రివేళ కుడుతుంది. దోమతెర, పొడుగు చేతుల దుస్తులు అవసరం. గడ్డిలో ఉండే సన్నని పురుగు కుట్టడం వలన స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట నల్లని పక్కు కనిపించవచ్చు. ఈ జ్వరాలు ఇల్లు చేరిన వారం రెండు వారాల తరువాత బయటపడతాయి. అప్పుడు వైద్యునికి ‘కోరాపుట్ కొండలలో రాత్రి గడిపాము’ అని చెప్పడం మరువరాదు. ఆ ఒక్క మాటతో సరియైన రక్తపరీక్ష సకాలంలో జరుగుతుంది.

చక్రపు గాడి, దిగువ పొలం

కొండపై గడ్డినేలమీద ఒక జీపు వెళితే రెండు గాడులు పడతాయి. చూడడానికి అది స్వల్పమే. వెనుక వచ్చిన జీపు అదే గాడిలో నడిస్తే గడ్డి చచ్చి, మట్టి గట్టిపడి, నీరు ఇంకడం ఆగుతుంది. వానాకాలంలో ఆ గాడి చిన్న కాలువవుతుంది. రెండు మూడు వానాకాలాలకు అది గండిగా మారి, ఎర్రమట్టిని దిగువ ఝోలా పొలాలలోకి చేరుస్తుంది. వరి మడిలో ఇసుక మేట వేస్తుంది. ఇంకవలసిన నీరు పైపైన పారిపోవడంతో వేసవిలో ఊట సన్నబడుతుంది. కొండమీద ఒక పూట వినోదానికి కారకుడెవరో దిగువ రైతుకు తెలియదు. నష్టం మాత్రం అతనిదే.

అందువలన బండిని ఉన్న బాటమీదనే నడపాలి. బాటలో బురద ఉన్నదని పక్కనుండి కొత్త బాట చేయరాదు. బురదలోగుండా నిదానంగా వెళ్ళాలి, లేదా తిరిగి రావాలి. వాన పడిన మరునాడు మట్టిబాట ఎక్కకపోవడం ఉత్తమం. ఊట దగ్గర బండి కడగరాదు. స్నానం, పాత్రలు తోమడం నీటికి 60 మీటర్ల దూరంలో చేసుకోవాలి. మలవిసర్జనకు అంతే దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. తెచ్చిన ప్లాస్టిక్కు, సీసాలు తిరిగి తీసుకొని పోవాలి. పగిలిన సీసా పెంకు మేతకు వచ్చే పశువు కాలిని చీలుస్తుంది.

పల్లె సమీపాన బస చేసేముందు గ్రామపెద్దను అడగాలి. పొలం ఖాళీగా కనిపించినా దానికి యజమాని ఉంటాడు. గదబ గ్రామాలలో ‘సదర్’ అనే రాతి తిన్నెలు ఉంటాయి. అవి గ్రామసభ జరిగే, పితరులను స్మరించే స్థలాలు. వాటిమీద సామాను దించడం, గుడారపు తాళ్ళు కట్టడం తగదు. అనుమతి లేక ఆడవారి, పిల్లల ఫొటోలు తీయరాదు. చైత్రమాసంలో అరకు వైపు ఇటుకల పండుగ, కోరాపుట్ వైపు చైత పరబ్ జరుగుతాయి. అప్పుడు మహిళలు దారికి అడ్డం కట్టి పాటలు పాడి చిల్లర అడుగుతారు. అది పండుగ ఆచారం. బండి ఆపి, తోచినది ఇచ్చి, నమస్కరించి సాగిపోవాలి. దారి చూపేందుకు గ్రామ యువకుని వెంట తీసుకుంటే అతనికి న్యాయమైన కూలి చెల్లించాలి.

సరిహద్దు, చట్టం

అటవీ చట్టాలు రాష్ట్రానికొకటి. ఒడిశాలో 1972 నాటి అటవీ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1967 నాటి అటవీ చట్టం వర్తిస్తాయి. కర్ణాటక చట్టం 1963 నాటిది. తమిళనాడు చట్టం 1882 నాటిది. అన్నిటిలోనూ రిజర్వు అడవిలో అనుమతి లేక ప్రవేశించడం, నిప్పు పెట్టడం నేరాలు. అభయారణ్యాలలో ప్రవేశానికి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. కొండపై బాట రాష్ట్రం దాటినచోట బోర్డు ఉండకపోవచ్చు. కనుక బస చేసే స్థలం ఏ రాష్ట్రానిదో, ఏ శాఖదో ముందుగా అటవీ కార్యాలయంలోను, స్థానిక పోలీసు స్టేషనులోను తెలుసుకోవాలి. దేవమాలిపై రాత్రి బసకు సంబంధించి ఆనాడు అమలులో ఉన్న ఆంక్షలను కూడా అక్కడే అడగాలి.

పొట్టంగి–సాలూరు మధ్యనున్న కొటియా గ్రామాలపై ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య చిరకాల వివాదం ఉంది. ఆ వైపు వెళ్ళేవారు వాహన పత్రాలు, గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోవాలి. ఒక రాష్ట్రంలో కొన్న మద్యాన్ని మరొక రాష్ట్రంలోకి తీసుకొనిపోతే అబ్కారీ కేసు కావచ్చు.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108. సరిహద్దు కొండమీద సెల్‌ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకోవచ్చు. అప్పుడు పిలుపు ఆ రాష్ట్రపు కేంద్రానికి చేరవచ్చు. అందుచేత మాట్లాడగానే రాష్ట్రం, జిల్లా, దగ్గరి గ్రామం పేర్లు చెప్పాలి. చాలాచోట్ల సిగ్నలు ఉండదు. సిగ్నలు దొరికిన చివరి స్థలాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఇంటివద్ద ఉంచవలసిన చీటీ

బయలుదేరే ముందు ఒక కాగితంమీద ఈ వివరాలు రాసి ఇంటివారికి ఇవ్వాలి: వెళ్ళేవారందరి పేర్లు, రక్తవర్గాలు, వాహనాల నంబర్లు, రెండు రాత్రులూ బస చేసే గ్రామాల పేర్లు, దారి చూపే స్థానికుని ఫోను నంబరు, దగ్గరి పోలీసు స్టేషను, తిరిగి సిగ్నలు అందే స్థలానికి చేరవలసిన గంట. ఆ గంటకు మరి మూడు గంటలు దాటినా కబురు రాకపోతే ఇంటివారు ఆ స్టేషనుకు ఫోను చేయాలి. ప్రయాణికులు మధ్యలో దారి మార్చుకుంటే, సిగ్నలు ఉండగానే ఇంటికి తెలియజేసి ముందుకు సాగాలి.